గోడకాగితం అట్ట

ఆర్మిండా ట్రెడ్‌వెల్ దగ్గర పియానో నేర్చుకునే పిల్లల పాట పుస్తకాలన్నిటికీ గోడకాగితం అట్టలు ఉండేవి. గోడలకి రంగు కాగితాలు అంటించే పనివాడొకడు వాళ్ళ చర్చికే వస్తాడు. మిగిలిపోయిన ముక్కలు చుట్టచుట్టి తెచ్చి వాకిట్లో పెట్టి వెళ్తాడు. ఆమె మైదాపిండి జిగురు కాచి, అందులో చిటికెడు పటిక కలిపి, పుస్తకం వెన్ను చెదరకుండా అట్ట అంటించి, రాత్రంతా ఇస్త్రీపెట్టె బరువు పెట్టి ఉంచేది. నీలం మీద తెల్లపూలు, ఆకుపచ్చ మీద బంగారు తీగలు. "టీచరమ్మ దగ్గర పుస్తకాలక్కూడా ఆదివారం బట్టలే" అని పక్కింటివాళ్ళు నవ్వేవాళ్ళు.

నవ్వేవాళ్ళకీ కారణం తెలుసు. పిల్లలు బజార్లో మోజుపడి కొనుక్కొచ్చే పాటల్లో రాగం బాగుంటే ఆర్మిండా కాదనదు. వాటి మీది బొమ్మని మాత్రం తన ఇంట్లోకి రానివ్వదు. పుచ్చకాయ కొరుకుతూ చెవులదాకా నోరు తెరిచిన నల్లవాడు, దొంగకోడిని కోటు కింద దాచుకున్నవాడు, కళ్ళు తేలేసి గిటార్ వాయించేవాడు. సిన్సినాటిలో ఏ పాటల దుకాణం అద్దంలో చూసినా ఈ మనుషులే. నది దిగువ నల్లవాళ్ళ వీధుల్లోనే పుట్టి పెరిగిన ఆర్మిండా, వాళ్ళలో ఒక్కడినైనా తమ వీధిలో ఎన్నడూ చూడలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం కూతురు లెటీకి పాఠం చెబుతోంది. లెటీ మణికట్టు మీద ఖాళీ దారపు కండె నిలబెట్టి ఉంది. కండె పడకుండా వాయించాలి. పియానో మెట్టు నొక్కేముందు పుస్తకంలో ఆ స్వరం పేరు పైకి చదవాలి.

"అది చదవలేదు నువ్వు, గుర్తుపెట్టుకుని వాయించావు" అంది ఆర్మిండా.

"సరిగ్గానే వచ్చిందిగా అమ్మా."

"సరిగ్గా రావడం కాదు. ముందు కన్ను, తరవాత వేలు, ఆఖర్న చెవి. పుస్తకంలో ఎలా ఉంటే అలా. మళ్ళీ."

పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న అత్తగారు కెజయా తనలో తాను నవ్వుకుంది. ఆవిడ కళ్ళకి తెల్లటి పొర కమ్మి చాలాకాలమైంది. గింజల్ని వేళ్ళతోనే చూస్తుంది.

"దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ ఆర్మిండా. ఆ కండె పడితే ఇల్లేం కూలదు."

"ఆదివారం హావర్‌క్యాంప్ అమ్మగారు ముందు వరసలో కూర్చుంటారు అత్తయ్యా. అప్పుడు పడితే కూలుతుంది."

హావర్‌క్యాంప్ అమ్మగారు చర్చి హాలుకి పియానో ఇచ్చిన తెల్లదొరసాని. ఏటా పిల్లల కచేరీకి వస్తుంది. పోయినేడు కచేరీ అయ్యాక తొడుగు వేసుకున్న చేత్తో ఆర్మిండా భుజం తట్టి, "ఈ పుస్తకాలన్నీ ఎందుకు ఆర్మిండా మీకు? పిట్టలకి ఎవరు నేర్పారు? మీవాళ్ళకి పాట పుట్టుకతోనే వస్తుంది" అంది. ప్రేమగానే అంది. ఆర్మిండా "మీ దయ అమ్మగారూ" అంది. అప్పట్నుంచి ఆమె పాఠం ఇంకా బిగిసింది. తన పిల్లలు ప్రతి ఒక్కరూ పుస్తకం ముందు పెట్టుకుని, పేజీ తిప్పడం ఆ అమ్మగారికి కనబడేలా తిప్పి వాయించాలి.

వీధి తలుపు తీసిన చప్పుడైంది. భర్త ఓబెడ్ ఆ వేళప్పుడు ఇంటికి రాడు. అతను పనిచేసే హోటల్ కింద మంగలిదుకాణంలో సాయంత్రందాకా రద్దీ. టోపీ తియ్యకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో దారంతో కట్టిన చిన్న పొట్లం ఉంది.

"అచ్చయింది" అన్నాడు.

ఈ మాట కోసం ఇల్లంతా వసంతకాలం నుంచీ ఎదురుచూస్తోంది. పాటలు అచ్చువేసే వాస్‌బర్గ్ గారు ఓబెడ్ కుర్చీలోనే గడ్డం గీయించుకుంటారు. ఓబెడ్ పని చేస్తూ కూనిరాగం తీస్తుంటే విని, ఎవరిదీ పాట అని అడిగి, అచ్చుకి తీసుకున్నారు. ఆదివారం కచేరీ ఆఖర్న ఆ పాట లెటీ పాడుతుందని పాస్టరుగారు రెండు వారాలుగా చెబుతూనే ఉన్నారు. కాని అచ్చయిందని చెప్పేవాడి మొహం అలా వాడిపోయి ఉండదు.

"ఏదీ, ఇలా తే" అని కెజయా ఒళ్ళో చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టింది.

పాట ఆవిడ గురించే. పడవల మీద పనిచేసే రోజుల్లో ఓబెడ్ రేవుకి తిరిగొచ్చేసరికి, ఆవిడ ఇస్త్రీ ఆపి కిటికీలో దీపం పెట్టేది. ఆ సంగతే పాట.

*పడవ కూత వినబడితే చాలు మా అమ్మకి,*
*ఇస్త్రీపెట్టె దింపి కిటికీలో దీపం పెడుతుంది.*
*ఎవరి కొడుకు వస్తున్నా దారి కనబడాలి కదా.*

ఓబెడ్ పొట్లం విప్పి ఒక పుస్తకం తల్లి చేతికిచ్చాడు. ఆర్మిండాకి ముఖచిత్రం అప్పుడు కనబడింది. తలగుడ్డ కట్టిన ఒక లావుపాటి ఆడది. పెదవులు రెండు ఎర్ర దిండ్లలా ఉన్నాయి. చంకలో కోడి. వెనక గాల్లో ఎగురుతున్న ఇస్త్రీపెట్టె. పైన పాట పేరు, దాని పక్కనే తమవాళ్ళని తిట్టే ఆ మాట చేర్చి "హాస్యగీతం" అని వేశారు.

కెజయా కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వేళ్ళతో అంచులు తడిమింది.

"నున్నగా ఉంది. బొమ్మ వేశారా?"

"వేశారమ్మా."

"ఏం వేశారు?"

ఓబెడ్ పెళ్ళాం మొహంలోకి చూశాడు. "కిటికీ. కిటికీలో దీపం."

"మరి నేనో?"

"నువ్వూ ఉన్నావు."

"తలగుడ్డ వెయ్యలేదు కదా? బానిసత్వం పోయిన్నాడు పొయ్యిలో పారేశాను తలగుడ్డ. మళ్ళీ కట్టలేదు."

"లేదమ్మా. టోపీ వేశారు."

"నా నల్ల టోపీయేనా?"

"అదే."

ముసలావిడ తృప్తిగా తలూపింది. చిక్కుడు పసరు అంటిన ఆవిడ బొటనవేలు సరిగ్గా బొమ్మ నోటి మీద ఆని ఉంది.

పెరటి మెట్ల మీద ఆర్మిండా పుస్తకం తెరిచి లోపల చూసింది. స్వరాలన్నీ ఉన్నాయి, ఒక్కటీ మారలేదు. వాటి కింద మాటలు చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కోవాల్సి వచ్చింది.

*పదవ కూచింది, పకపకా నగింది మా నల్లమామ్మి,*
*ఇచ్చిరీపెట్టె ఇచిరేచి కోదిపెట్ట ఎంట ఉలికింది.*

"ఇది ఏ భాష?" అంది.

ఓబెడ్ మెట్టు అంచు గీకుతూ కూర్చున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"వాస్‌బర్గ్ గడ్డానికి నురుగు పూసి కత్తి ఆనించి ఉన్నాను. 'మాటలు బజారుకి తగ్గట్టు కాస్త సవరిస్తాం ఓబెడ్' అన్నాడు. 'అలాగేనండీ' అన్నాను. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఏమన్నా నా నోరు అలాగేనండీ అంటుంది. నన్నడగదు." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఒకటో రెండో మాటలనుకున్నా."

"నీ పేరేదీ?"

వేలితో చూపించాడు. కోడికాళ్ళ కింద, చిన్న అక్షరాల్లో.

"పేరొక్కటీ తప్పు లేకుండా వేశారు" అంది ఆర్మిండా.

"అది పేరే కదా. నా పేరే." వేలు అక్కణ్ణుంచి తియ్యకుండా అన్నాడు. "మన వీధిలో ఇంకెవరి పేరైనా అచ్చులో పడిందా చెప్పు."

ఆమె అచ్చులో ఆ పేరు మళ్ళీ ఒకసారి చూసింది. పుస్తకం మూసి ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. వెనక అట్ట మీద మరో ఆరు పాటల బొమ్మలున్నాయి.

శుక్రవారం పొద్దున్నే ఆదివారం టోపీ పెట్టుకుని, చేతులకి తొడుగులు వేసుకుని ఆర్మిండా వాస్‌బర్గ్ దుకాణానికి వెళ్ళింది. లోపల పియానో దగ్గర ఒక గుమాస్తా కొత్త పాటలు వాయించి వినిపిస్తున్నాడు. ఇద్దరు తెల్లమ్మాయిలు బల్లకి ఆనుకుని వింటున్నారు. అతను వాయిస్తున్నది ఓబెడ్ పాటే. దాన్ని ఎగిరెగిరిపడేలా వాయిస్తున్నాడు. రెండో పాదం దగ్గర కళ్ళు తేలేసి, గొంతు మార్చి, ఆ మాటలు పాడాడు. అమ్మాయిలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళలో చిన్నది ఆర్మిండాని చూసి నవ్వు ఆపి, పక్కమ్మాయి మోచెయ్యి గిల్లింది.

వాస్‌బర్గ్ గారు మర్యాదస్తుడు. ఓబెడ్ భార్యనని చెప్పగానే లోపలి గదిలోకి పిలిచి నిలబడే మాట్లాడాడు.

"మీ ఆయన చెయ్యి పట్టుగుడ్డలాంటిదమ్మా. చెవి ఇంకా మంచిది. ఈ పాట బాగా అమ్ముడుపోతుంది. చూస్తూ ఉండు."

"మాటలు మారాయండీ."

"మారాయి. అతను రాసినవి అచ్చం బడి పాఠంలా ఉన్నాయి. అలా ఎవరు కొంటారు?"

"అది మా అత్తగారి గురించి రాసిందండీ. ఆవిడ ఇలా మాట్లాడరు. ఇలా మాట్లాడేవాళ్ళు ఎవరూ నాకు తెలియదు."

"మీ అత్తగారి సంగతి కాదు ఇది" అన్నాడాయన ఓపిగ్గా. "కొనేవాళ్ళ చెవికి మీవాళ్ళు ఎలా వినబడాలో అలా ఉండాలి." బల్ల మీద నుంచి, అచ్చుకి ముందు దిద్దిన ఒక పాత ప్రూఫు తీసి చూపించాడు. చూపించడంలో గర్వం ఉంది. "మా దగ్గర ఎంత శ్రద్ధ అంటే, చూడు, ఇక్కడ మొదటి పాదంలో పొరపాటున 'అమ్మ' అని ఉండిపోయింది. మావాడు పట్టేశాడు."

ఆర్మిండా వంగి చూసింది. 'అమ్మ' అన్న మాటని ఎర్రసిరాతో కొట్టేసి పక్కన, నల్ల దాదుల్ని పిలిచే 'మామ్మి' అన్న మాట ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. దిద్దినవాడు మంచి చదువరి అయి ఉండాలి. ఒప్పుని వెతికి వెతికి తప్పుగా దిద్దాడు, ఒక్కటి కూడా వదలకుండా.

"మళ్ళీ అచ్చువేసేటప్పుడైనా..." అంది.

"పాట నడిస్తే ఎవరు మారుస్తారమ్మా? నడవకపోతే మళ్ళీ అచ్చెందుకు?" అని తలుపు తీసి పట్టుకున్నాడు. "నువ్వు భలే చక్కగా మాట్లాడతావు. ఎక్కడ నేర్చుకున్నావు?"

ఇంటికి వచ్చేదాకా ఆ ప్రశ్న ఆమె వెనకే నడిచొచ్చినట్టుంది.

శనివారం జిగురు కాచింది. ఉన్నవాటిలో మంచి గోడకాగితం ఏరింది. గులాబీరంగు మీద సన్నటి తెల్లచారలది. ముఖచిత్రం మీద జిగురు రాస్తుంటే తడికి ఆ ఎర్ర పెదవులు ఇంకా మెరిశాయి. అట్ట అంటించి, గుడ్డతో మధ్య నుంచి అంచులకి ఒత్తి, గాలిబుడగ లేకుండా చేసింది. బొమ్మ పోయింది. పుస్తకం తెరిచి లోపలి మాటలు చూసింది. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ మూసింది.

చర్చి హాల్లో బల్లలు సర్దే పని ఉండి వెళ్తూ, లెటీతో, "స్వరం ఒక్కటే సాధన చెయ్యి. మాటలు నేనొచ్చాక చూద్దాం" అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పాలంటే ఆ మాటలు పైకి అనాలి.

తిరిగొస్తూ మెట్లు ఎక్కుతుండగానే పాట వినబడింది. లెటీ గొంతు. ఒక్క స్వరం తప్పలేదు, ఎక్కడా తొందరపడలేదు. అక్షరం అక్షరం విడమరిచి, బడిలో వాచకం చదివినట్టు, తల్లి నేర్పినంత శుద్ధంగా పాడుతోంది.

"ఇచ్చి-రీ-పెట్టె ఇచి-రే-చి..."

ఆర్మిండా గుమ్మంలోనే ఆగిపోయింది. లెటీ మణికట్టు మీద కండె కదలకుండా నిలబడి ఉంది.

పాట అయ్యేసరికి కెజయా ఊగే కుర్చీ ఆగిపోయి ఉంది. తరవాత, "ఎవరే పాపం, ఈవిడ?" అంది.

లెటీ వెనక్కి తిరిగింది. "నువ్వే నాయనమ్మా."

"నేనా?"

"నాన్న పాట కదా."

"మీ నాన్న నాకు పాడి వినిపించాడు. అందులో ఈవిడ లేదు." ముసలావిడ తల ఒక పక్కకి వంచింది, అవతలి గదిలోని మాటలు వింటున్నట్టు. "ఏమో పిచ్చిదానిలా ఉంది. నత్తి కూడా ఉంది."

"పుస్తకంలో ఇలాగే ఉంది" అంది లెటీ. గొంతులో ఏడుపు మొదలైంది. "స్వరం ఒక్కటే అంది అమ్మ. కాని నీకు వినిపిద్దామని పాడాను. పుస్తకంలో ఎలా ఉంటే అలాగే పాడాను, నాయనమ్మా. నేనేం మార్చలేదు."

గుమ్మం దగ్గర నేలచెక్క కిర్రుమంది. కెజయా అటు తిరిగింది.

"ఆర్మిండా, నువ్వేనా? తలగుడ్డ కట్టారా నాకు?"

ఆర్మిండా చేతివేళ్ళ మధ్య ఎండిన జిగురు పొరలుగా లేస్తోంది.

"కట్టారు అత్తయ్యా."

"కోడి కూడా ఉందా?"

"చంకలో పెట్టారు."

"వాడు టోపీ అన్నాడు" అంది ముసలావిడ. కోపంగా అనలేదు. ఒళ్ళో గుడ్డ సరిచేసుకుని మళ్ళీ అంది. "తలగుడ్డ అంటే సరే. కోడి అంటే సరే, ఇంతకుముందూ వేశారు మనకి కోళ్ళు. ఇస్త్రీపెట్టె విసరడమేంటి? ఈ ఊరి సగం చొక్కాలు నా చేతి మీదుగా పోయాయి. కాలిన మరక ఒక్కటి చూపించమను. వేడి ఇస్త్రీపెట్టె ఎవరైనా విసురుతారటే?"

ఆవిడ వేళ్ళు ఒళ్ళో గుడ్డని మడతపెట్టాయి, విప్పాయి, మళ్ళీ అంచుకి అంచు సరిపెట్టి మడతపెట్టాయి.

ఆర్మిండా టోపీ తీసి మేకుకి తగిలించింది. పియానో దగ్గరికి వెళ్ళి పుస్తకం తీసి, గులాబీ చారల అట్ట పైకి వచ్చేలా మూసి, సొరుగులో పెట్టింది. లెటీ మణికట్టు మీద కండె కూడా తీసేసింది.

"మరి ఏం చూసి పాడను?" అంది లెటీ.

"నన్ను చూసి."

"పుస్తకం లేకుండానా?"

ఆర్మిండా పియానో మీది ఖాళీ పుస్తకాల స్టాండు వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఏ పిల్లకీ ఆమె అలా నేర్పలేదు. అలా వాయించిన పిల్లని పాఠం మధ్యలో లేపి నిలబెట్టింది కూడా. ఖాళీ స్టాండు ముందు తన కూతురు నిలబడితే ముందు వరసలో ఎవరు ఎలా నవ్వుతారో ఆమెకి ఇక్కణ్ణుంచే కనబడుతోంది.

"పుస్తకం లేకుండానే" అంది. "మీ నాన్న రాసిన మాటలు నేను పాడతాను. విను. విన్నదే అను."

ఆమె మొదటి పాదం పాడింది. లెటీ తిరిగి పాడింది. రెండో పాదం. మూడోది. వంటింటి కిటికీలో ఎండ గోడ మీదికి ఎక్కకముందే పాటంతా వచ్చేసింది. పిల్ల అంత త్వరగా ఏ పాటా నేర్చుకోలేదు, అంత బాగానూ పాడలేదు. అది చూసి సంతోషించాలో, భయపడాలో ఆర్మిండాకి తెలియలేదు. పొయ్యి పక్కన కెజయా కుర్చీ మెల్లగా ఊగడం మొదలైంది.

సాయంత్రం ఓబెడ్ వచ్చాక, మొక్కజొన్న రొట్టె విరుస్తూ తల్లి, "టోపీ బాగా కుదిరిందిరా ఆ బొమ్మలో" అంది. అతను తలెత్తలేదు. రొట్టె అలాగే పళ్ళెంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

ఆదివారం హాలు నిండింది. హావర్‌క్యాంప్ అమ్మగారు ముందు వరసలో, విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆర్మిండా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, రంగురంగుల అట్టల పుస్తకాలు తెరిచి, పేజీలు తిప్పి, వాయించి వెళ్ళారు. కెజయా నల్ల టోపీ పెట్టుకుని రెండో వరస చివర కూర్చుంది. ఓబెడ్ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మిగిలిన పుస్తకాలు చంకలో ఉన్నాయి, దారం విప్పలేదు. అందరికీ చూపిస్తానని వారం నుంచీ చెప్పినవాడు. పొద్దున అవి తీసుకుంటుంటే ఆర్మిండా చూసింది, వద్దనలేదు.

పాస్టరుగారు ఆఖరి పాట చెప్పారు. ఆర్మిండా పియానో ముందు కూర్చుంది. స్టాండు మీద ఏమీ లేదు. జనంలో చిన్న కదలిక. పుస్తకం మర్చిపోయిందేమో అని ఎవరో గొణిగారు. హావర్‌క్యాంప్ అమ్మగారు విసనకర్ర తెరిచి, చిరునవ్వుతో ముందుకి వంగింది.

లెటీ తల్లి మొహంలోకి చూసి పాడింది. పడవ కూత. దింపిన ఇస్త్రీపెట్టె. కిటికీలో దీపం. రేవు పక్కన పుట్టినవాళ్ళు ఆ హాల్లో చాలామంది ఉన్నారు. ఎవరూ దగ్గలేదు. 'ఎవరి కొడుకు వస్తున్నా' అన్నచోట వెనక నుంచి ఒక ముసలాయన, "అవును తల్లీ" అన్నాడు, అంతే. కెజయా గడ్డం పైకెత్తి కూర్చుంది, ఫొటో తీయించుకునే మనిషిలా.

అయిపోయాక హావర్‌క్యాంప్ అమ్మగారు తిన్నగా పియానో దగ్గరికే వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నేను చెప్పలేదూ ఆర్మిండా? పుస్తకం తీసి పక్కన పడేస్తే చూడు ఎంత హాయిగా వచ్చిందో. పుట్టుకతోనే వస్తుంది మీకు."

ఆర్మిండా పియానో మెట్ల మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మాట పడుతుందని నిన్నే తెలుసు. తెలిసినా బరువు తగ్గలేదు. నిన్న మధ్యాహ్నం పిల్లకి ఎలా నేర్పిందో ఆవిడకి చెప్పలేదు, చెబితే తన మాటే రుజువైందనుకుంటుందని తెలుసు.

"ఎంత మంచి పాట" అంది అమ్మగారు. "మా అమ్మాయి పాడితే వినాలనుంది. ఎక్కడ దొరుకుతుంది? అచ్చయిందా?"

ఓబెడ్ అప్పటికే దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చంకలో పొట్లం ఉంది. ఆర్మిండా దానివైపు చూడలేదు, అతని మొహంవైపూ చూడలేదు.

"అచ్చు కాలేదు అమ్మగారూ" అంది.

"అయ్యో. నీదటగా పాట?" అంటూ ఆవిడ ఓబెడ్ వైపు తిరిగింది. "ఎవరూ అచ్చువెయ్యలేదా దీన్ని?"

ఓబెడ్ నోరు తెరిచాడు. మంగలికుర్చీ వెనక నిలబడి ఏ మాటకైనా జవాబిచ్చేంత వేగంగా రాలేదు జవాబు. పొట్లం చంకలోంచి తీసి, వీపు వెనక్కి, రెండు చేతులతో పట్టుకున్నాడు. దారం వేలికి బిగుసుకుంది.

"లేదండీ" అన్నాడు. "కాలేదండీ."